భుజం మీద తోతా

మొన్న సెలవుల్లో మా చిన్నోడు మైన్‌క్రాఫ్ట్ ఆటలో ఒక తోతాను మచ్చిక చేసుకున్నాడు. జంగిల్లో ఎగురుతున్న ఆకుపచ్చ చిలుకకు గోధుమ గింజలు పెట్టాడు. మొదటి గింజకి లొంగలేదు, రెండోదానికీ లొంగలేదు. సబర్‌తో పెడుతూ పోతే చివరికి వచ్చి భుజం మీద వాలింది. వల లేదు, పింజరా లేదు. వాడి ఖుషీ చూడాలి!

ఆ సాయంత్రమే జిద్ మొదలైంది. "అమ్మీ, ముర్గీచౌక్ వెళ్లి అస్లీ తోతా తెచ్చుకుందాం!"

ఆటలు పిల్లల్ని ఖరాబ్ చేస్తున్నాయని మనం రోజూ అంటుంటాం. ఈ ఒక్క విషయంలో మాత్రం ఆటే మనకన్నా షరీఫ్ అని నా ఖయాల్. 2017లో ఈ చిలుకల్ని ఆటలోకి తెస్తున్నప్పుడు, ముందు కుకీలతో మచ్చికయ్యేలా పెట్టారు. చాక్లెట్ అస్లీ చిలుకలకు జహర్, పిల్లలు చూసి ఇంట్లో పక్షికి పెడితే ఎలా అని ఆడేవాళ్లే ఏతరాజ్ చెప్పారు. తయారుచేసినవాళ్లు కుకీలు తీసేసి గింజలు పెట్టారు. ఇప్పుడు ఆటలో కుకీ తినిపిస్తే చిలుక చచ్చిపోతుంది.

మరి మనం? మా నానీ ఇంట్లో మిట్టూ ఉండేది. రెక్కలు కత్తిరించిన రామచిలుక. చాయ్‌లో ముంచిన బిస్కట్ నేనే పెట్టేదాన్ని, అదే మొహబ్బత్ అనుకుని. ఒకరోజు పింజరా తలుపు తెరిచే ఉన్నా అది బయటికి రాలేదు. మనల్ని వదిలి పోదని అందరం మురిసిపోయాం. ఎగరలేక ఆగిపోయిందని ఒక్కరికీ తట్టలేదు.

రామచిలుకను పట్టడం, అమ్మడం, ఇంట్లో పెంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. మనలో చాలామందికి ఈ సంగతే తెలియదు. చట్టం సరే, ఆ బేజుబాన్ ప్రాణం చేసిన కసూర్ ఏమిటి?

ఆట నేర్పే తప్పు కూడా ఒకటుంది. అందులో ఒక్కసారి మచ్చికైతే తోతా ఇక మనదే, కూర్చోమంటే అక్కడే కూర్చుంటుంది. అస్లీ చిలుకకు గుంపు ఉంటుంది, జత ఉంటుంది, చెట్టు తొర్రలో పిల్లలుంటాయి. ఈ ఫర్క్ పిల్లలకు చెప్పాల్సింది మనమే.

మేం మిద్దె మీద జొన్న కంకులు కట్టి, మట్టి మూకుడులో నీళ్లు పెట్టాం. కొన్నాళ్లు పావురాలే వచ్చాయి. ఇప్పుడు పొద్దున్నే చిలుకలూ వస్తున్నాయి. తిని, గోల చేసి, వెళ్లిపోతాయి. మావాడు చప్పుడు చేయకుండా మెట్ల మీద కూర్చుని చూస్తాడు.

మీ పిల్లలూ తోతా కావాలంటే పింజరా కొనకండి, కంకి కట్టండి.