ఆశా కార్యకర్త బీపీ ఎవరు చూడాలి?

బడ్జ్ బడ్జ్ అనగానే మనకు 1914, కోమగాటమారు నౌక గుర్తొస్తాయి. ప్రిలిమ్స్‌కు అంతవరకు చాలు. జీఎస్-2 కోసం ఆ పట్టణం దాటి దక్షిణ 24 పరగణాల పల్లెల్లోకి వెళ్లాలి. కోల్‌కతాకు అంత దగ్గరున్నా, మన ఊళ్లలో లాగే అక్కడా ఇంటింటికీ తిరిగి ఆరోగ్యం ఆరా తీసేది ఆశా కార్యకర్తే. మరి ఆమె గుండె సంగతి ఎవరు ఆరా తీస్తున్నారు?

ఆమె దగ్గర సీబ్యాక్ అనే పత్రం ఉంటుంది. 30 ఏళ్లు దాటినవారి వయసు, పొగాకు, మద్యం, నడుము కొలత, వ్యాయామం, కుటుంబంలో బీపీ, షుగర్, గుండెజబ్బు ఉన్నాయా అని అడిగి స్కోరు వేస్తుంది. అది 4 దాటినవారిని ముందుగా పరీక్షకు పంపాలి. ఇప్పుడు ఆమె లెక్కే వేద్దాం. 2005లో పథకం మొదలైనప్పుడు 25 నుంచి 45 ఏళ్ల లోపు మహిళలను ఎంచుకోమన్నారు. అప్పుడు చేరినవారిలో అందరికన్నా చిన్నామెకు కూడా 45 ఏళ్లు వచ్చేసినట్టే. నెలసరి ఆగాక మహిళల్లో గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది.

రోజంతా నడిచేవాళ్లకు గుండెజబ్బేమిటని కొందరంటారు. నడక మంచిదే. కానీ అర్ధరాత్రి కాన్పు కేసుతో ఆసుపత్రికి పరుగు, వేళకు లేని తిండి, పనికింత అని వచ్చే పారితోషికం పోతుందని సెలవు పెట్టకపోవడం... వీటన్నిటికీ నడక ఒక్కటే విరుగుడు కాదు. పైగా బీపీ చాలామందిలో ఏ లక్షణమూ చూపకుండానే పెరుగుతుంది.

2024 మధ్యంతర బడ్జెట్‌లో ఆశాలందరికీ ఆయుష్మాన్ భారత్ బీమా ప్రకటించారు. అప్పటికి బెంగాల్ ఆ పథకంలో లేదు, అక్కడ స్వాస్థ్య సాథీ ఉంది. సమాఖ్య వ్యవస్థ మీద ప్రశ్నకు ఇది పనికొచ్చే ఉదాహరణే గానీ, ఇక్కడ అసలు విషయం వేరు: రెండూ ప్రధానంగా ఆసుపత్రిలో చేరాక అక్కరకొచ్చేవి. గుండెపోటు రాకముందు బీపీ కొలిచే పని బీమాది కాదు. ఆంధ్రప్రదేశ్ 2025లో ఆశాల విరమణ వయసు 62కు పెంచుతామంది. సంతోషమే. అయితే ముప్పు ఎక్కువగా ఉండే వయసులోనూ ఆమె పనిలోనే ఉంటుందని దానర్థం.

నా మటుకు కొత్త పథకం అక్కర్లేదు. నెలవారీ సమావేశానికి ఆశాలు ఎలాగూ పీహెచ్‌సీకి వస్తారు. ఏడాదికోసారి ఆ రోజునే ఏఎన్ఎం వారి పత్రాలు నింపి, బీపీ, షుగర్ చూడాలి. స్కోరు 4 దాటినవారిని డాక్టరు అక్కడే పరీక్షించి, అవసరమైతే మందు మొదలుపెట్టాలి. ఏఎన్ఎం బీపీ ఎవరు చూస్తారంటారా? అది మెడికల్ ఆఫీసర్ పని.