మామ్మగారి డబ్బాలోని నెగటివులు



పోయిన వేసవిలో ఒక ఆదివారము ఆరాధన అయిన తరువాత మా సంఘములోని ఒక మామ్మగారు పాత బిస్కెట్ల డబ్బా ఒకటి తెచ్చి మా చేతిలో పెట్టారు. "అయ్యగారూ, మీకు కంప్యూటరు తెలుసు కదా. ఇందులో మా ఆయన ఉన్నారేమో చూసి పెట్టండి" అన్నారు. 1996 నవంబరు తుపానులో వారి ఇల్లు మునిగి ఆల్బములు రెండూ ముద్దయిపోయాయి. మా కోనసీమలో ఆ రాత్రి అలా పోయిన ఫోటోలకు లెక్క లేదు. ఆమె భర్త అప్పటికే అయిదేండ్ల క్రితము ప్రభువునందు నిద్రించారు. ఆ తుపానుతో ఆయన ముఖము ఆ ఇంట లేకుండా పోయింది. ఆ తరువాత చాలా ఏండ్లకు పట్నములోని ఫోటో స్టూడియో మూసివేస్తూ, దాని యజమాని పాత నెగటివులను ఎవరివి వారికి పిలిచి ఇచ్చాడట. ఆ డబ్బా అదే. ఆగస్టులో మనుమరాలి పెండ్లి. అప్పటికి తాతగారి ఫోటో గోడ మీద ఉండవలెనని మామ్మగారి కోరిక.

మేము ధైర్యముగా ఒప్పుకొన్నాము. ఎందుకనగా అంతకు ముందే ఒక యంత్రము కొని పెట్టుకొన్నాము. మన సంఘపు పాత ఫోటోల కొరకని యౌవనస్థులు చందా వేసుకొని తొమ్మిది వేలు ఇస్తే, ఫోనులో బొమ్మ చూసి తెప్పించినది. అరచేతికి కొంచెము పెద్దది, ముందు చిన్న తెర. నెగటివు ముక్కను పక్కనుంచి దూర్చి మీట నొక్కితే మూడు సెకన్లలో బొమ్మ కార్డులో పడుతుంది. పెట్టె మీద 22 మెగాపిక్సెళ్లు అని వ్రాసి ఉన్నది. మేము సంతోషించాము.

ఇంటికి వెళ్లి డబ్బా తెరిచి చూస్తే, అడుగున బటర్ పేపరులో చుట్టిన నలుపు తెలుపు నెగటివులు ఏడు ఉన్నాయి. ఒక్కొక్కటి రెండంగుళాల పైన చదరము. మా యంత్రపు సందులో అవి సగము కూడా దూరవు. మామ్మగారికి కావలసినవి అవే.

అప్పుడు తెలిసింది, మేము పనిని తలక్రిందుగా మొదలుపెట్టామని. ముందు డబ్బా చూడవలెను, తరువాత యంత్రము చూడవలెను. ఈ సంగతి వ్రాయుటకే ఈ నెల ఈ పుట తీసుకొన్నాము.

మన ఇండ్లలో ఉండే నెగటివులు ముఖ్యముగా రెండు కొలతలవి. 1980ల నుండి చేతి కెమెరాలలో వేసిన 36 ఫోటోల రీలు 35 మిల్లీమీటర్లది. దాని అంచుల వెంబడి రంధ్రాలు ఉంటాయి. ఒక్కొక్క బొమ్మ 24 మిల్లీమీటర్ల వెడల్పు, 36 మిల్లీమీటర్ల పొడవు. అంతకు ముందు స్టూడియోలవారు, పెండ్లి ఫోటోలవారు ఎక్కువగా వాడినది 120 రీలు. దానికి రంధ్రాలు ఉండవు. బొమ్మ ప్రక్కకు 56 మిల్లీమీటర్లు, రీలుకు పన్నెండు బొమ్మలు. మీ డబ్బాలో ఏవి ఉన్నాయి, ఎన్ని ఉన్నాయి, రంగువా, నలుపు తెలుపువా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు కాగితము మీద వ్రాసుకొన్న తరువాతే డబ్బు సంగతి ఆలోచించండి.

నాలుగవ ప్రశ్న ముక్కుది. డబ్బా తెరవగానే వెనిగరు వంటి పులుపు వాసన వస్తే ఆలస్యము చేయవద్దు. పాత ఫిలిం అసిటేటుతో చేసినది. వేడికి, చెమ్మకు అది విడిపోవుచు అసిటిక్ ఆమ్లము విడుస్తుంది. ఫిలిం కుంచించుకొని వంకరలు పోతుంది. ఆ ఆవిరి ప్రక్కనున్న మంచి వాటిని కూడా చెడగొడుతుంది గనుక వాసన వచ్చేవాటిని వేరుగా పెట్టవలెను. మన తీర ప్రాంతపు గాలిలో ఇది తొందరగా జరుగుతుంది. మామ్మగారి ఏడింటిలో రెండు అప్పటికే చేపపొలుసులా చుట్టుకొన్నాయి. వాటిలో ఏమున్నదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు.

ఇక యంత్రముల మాట. మేము కొన్నటువంటి చిన్న పెట్టె పనికిరానిదని అనము. 35 మిల్లీమీటర్ల నెగటివులు వందల కొలది ఉండి, ఏ ఫోటోలో ఎవరున్నారో చూసి ఏరుకొనుటకు అది బాగున్నది. కానీ దానిని నమ్మి గోడకు ప్రింటు వేయించలేము. తెల్ల పంచె తెల్ల కాగితమైపోతుంది, మడతలు కనబడవు. అంచున నిలబడిన పిల్లవాని చెయ్యి తెగిపోతుంది. ఇటువంటి పెట్టెలలో చాలావాటి మీద వ్రాసిన పెద్ద అంకె లోపలి సెన్సారుది కాదు. ఉన్న చుక్కల మధ్య యంత్రము ఊహించి మరికొన్ని నింపుతుంది.

ఆఫీసులలో కాగితములు తీసే మామూలు స్కానరు మీద నెగటివు పెడితే పని జరగదని కూడా తెలుసుకొనండి. నెగటివుకు వెలుతురు వెనుకనుండి రావలెను. అందుకు మూతలోనే దీపము ఉన్న స్కానర్లు వేరే ఉన్నాయి. ఎప్సన్ వారి పర్ఫెక్షన్ వి600 అటువంటిది. అది 35 మిల్లీమీటర్లవి, 120వి రెండూ తీస్తుంది. దాని మీద అంగుళమునకు 6400 చుక్కలని ఉంటుంది గాని, నిజముగా పట్టేది అందులో నాలుగవ వంతే అనుకొనవచ్చును. అది చాలునా? లెక్క వేసి చూద్దాము. మంచి ప్రింటుకు అంగుళమునకు 300 చుక్కలు కావలెను. 56 మిల్లీమీటర్లంటే సుమారు 2.2 అంగుళాలు. 1600 చొప్పున ప్రక్కకు 3500 చుక్కలు వస్తాయి, అనగా దాదాపు పన్నెండంగుళాల ప్రింటు. పెద్ద నెగటివుకు అది ధారాళము. అదే 35 మిల్లీమీటర్లకైతే పొడవున 2270 చుక్కలే వస్తాయి. అది ఏడున్నర అంగుళాల ప్రింటు. ఆల్బమునకు సరిపోతుంది, గోడకు సరిపోదు.

35 మిల్లీమీటర్లవి మాత్రమే ఉన్నవారికి ప్లస్‌టెక్ ఆప్టిక్‌ఫిలిం వంటి ప్రత్యేక యంత్రములు మెరుగు. వాటి మీద 7200 అని వ్రాసినా నిజముగా దక్కేది 3000కు కొంచెము పైన. అయితే ఒక్కొక్క బొమ్మను చేత్తో జరుపుచు, రెండు మూడు నిమిషములు ఆగుచు తీయవలెను. ఒక్క రీలుకు గంటన్నర పైనే. ఓపిక ఉన్న రిటైరు మాస్టారి ఇంట్లో ఉండవలసిన యంత్రము అది! ఒకప్పుడు పేరు పొందిన నైకాన్ కూల్‌స్కాన్ యంత్రముల తయారీ ఎప్పుడో ఆగిపోయింది. పాతవి దొరికినా, పాడైతే బాగుచేసేవారు దొరుకుట కష్టము.

వీటిలో కొన్నిటికి దుమ్మును, గీతలను తానే తీసివేసే ఏర్పాటు ఉంటుంది. దానికి అదనముగా డబ్బు పెట్టేముందు ఒక సంగతి గమనించండి. అది కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగుతో పని చేస్తుంది. రంగు నెగటివును కడిగినప్పుడు అందులోని వెండి కొట్టుకొనిపోయి రంగులే మిగులుతాయి. ఆ రంగుల గుండా ఆ వెలుగు పోతుంది, దుమ్ము గుండా పోదు. అలా దుమ్మును కనిపెడుతుంది. నలుపు తెలుపు నెగటివులో బొమ్మ అంతా వెండే. వెండి కూడా ఆ వెలుగును ఆపుతుంది. కనుక తాతగారి మీసమును కూడా యంత్రము దుమ్మనే అనుకొంటుంది. మీ డబ్బా నిండా నలుపు తెలుపువే ఉంటే ఆ డబ్బు మిగుల్చుకొనండి. దుమ్మును ముందుగానే రబ్బరు బుడ్డి బ్లోయరుతో దులపండి. నోటితో ఊదవద్దు, తుంపర పడుతుంది. చీర కొంగుతో అసలే తుడవవద్దు.

మామ్మగారి నెగటివులను మేము చివరకు తీసినది వీటిలో దేనితోనూ కాదు, కెమెరాతో. మా సంఘములో పెండ్లి ఫోటోలు తీసే తమ్ముడు ఒకడున్నాడు. ఉంగరాలను దగ్గరగా తీయుటకు అతని వద్ద మాక్రో లెన్సు ఉన్నది. కెమెరా 24 మెగాపిక్సెళ్లది. కొనవలసినది దీపపు పలక ఒకటే అయింది. ఇక్కడ పీనాసితనము వద్దు. రంగులను ఎంత నిజముగా చూపునో తెలిపే సి.ఆర్.ఐ. అనే అంకె 95కు తగ్గకుండా చూసుకొనండి. ముందు మేము సెల్‌ఫోను తెరనే తెల్లగా వెలిగించి దాని మీద నెగటివు ఉంచితే, తెరలోని చుక్కలు తాతగారి ముఖము నిండా మశూచి మచ్చలలా పడ్డాయి. నెగటివును చదునుగా పట్టే చట్రము మేము నల్ల అట్టతో కత్తిరించుకొన్నాము.

కెమెరాను తిన్నగా క్రిందికి చూసేటట్లు స్టాండుకు బిగించుట కష్టమైన భాగము. కొంచెము వాలినా ఒక మూల మసకబారుతుంది. దీనికి ఆ తమ్ముడే ఒక ఉపాయము చెప్పాడు. నెగటివు పెట్టే చోట చిన్న అద్దము పెట్టి కెమెరాలో చూడవలెను. లెన్సు తన ముఖమును తానే సరిగ్గా నట్టనడుమ చూసుకొంటే తిన్నగా ఉన్నట్లు. గదిలో దీపములు ఆర్పి, చెయ్యి తగలకుండా రెండు సెకన్ల టైమరు పెట్టి నొక్కితే చాలు. తెలుపును నలుపుగా, నలుపును తెలుపుగా కంప్యూటరులో తిప్పుకొంటాము. రంగు నెగటివులకు ఉండే నారింజ పొరను తీయుటకు కొంత నేర్పు కావలెను. అందుకు డార్క్‌టేబుల్ అనే ఉచిత ప్రోగ్రాములో ప్రత్యేకమైన ఏర్పాటు ఉన్నది. చెయ్యి తిరిగితే ఒక రీలు పావుగంట పని.

ఇంటింటికీ ఒక యంత్రము కొనవలెనని మేము చెప్పము. నెగటివులు జీవితములో ఒక్కసారి తీసేవి. కొత్తవి ఇక పుట్టవు. పెండ్లి వంటల గుండిగలను మనము ఊరికి ఒక జతగా ఉంచుకొనుట లేదా? పది కుటుంబములు కలిసి మూతలో దీపమున్న స్కానరు ఒకటి కొని ఇల్లిల్లూ తిప్పుకొంటే తలకు పడేది తక్కువ. లేదా మా వలె కెమెరా ఉన్న పిల్లవానికి భోజనము పెట్టి, దీపపు పలక మాత్రము కొనండి. తీసిన వాటిని రెండు చోట్ల దాచండి, ఒకటి వేరే ఊరిలోని బంధువుల ఇంట. నెగటివులను పారవేయవద్దు. తిరిగి కాగితపు కవరులో పెట్టి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లముతో ఎత్తైన అలమరలో ఉంచండి.

మామ్మగారి మంచి నెగటివులు అయిదింటిలో నాలుగవది వెలిగించి చూసినప్పుడు స్టూడియో తెర ముందు భార్యాభర్తలిద్దరు కనబడ్డారు. ఆయన నిలబడి ఉన్నారు, ఆమె కుర్చీలో. పన్నెండంగుళాల ప్రింటు వేయించి, పటము కట్టించి, పెండ్లికి నాలుగు రోజుల ముందు తీసుకొనిపోయాము. మనుమరాలు చూసి ఏడ్చింది. మామ్మగారు పటమును ఒడిలో పెట్టుకొని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరకు, "ఆయనేనండి" అన్నారు. మరికొంతసేపు చూసి, "అయ్యగారూ, నా పైట కుడి భుజము మీద వేశారేమండీ?" అని అడిగారు.

నెగటివుకు మెరిసే ప్రక్క ఒకటి, మెరవని ప్రక్క ఒకటి ఉంటాయి. అంచున ఉన్న అక్షరములు తిన్నగా చదవగలిగేటట్లు, మెరిసే ప్రక్కను పైకి ఉంచి తీయవలెను. మేము బోర్లా పెట్టి తీశాము. తాతగారి చొక్కా గుండీలు కూడా తిరగబడ్డాయి, మాలో ఒక్కరము చూడలేదు. ఆ సాయంత్రమే కంప్యూటరులో బొమ్మను తిప్పి, మరల ప్రింటు వేయించి, పెండ్లికి ముందు రోజు గోడకు తగిలించి వచ్చాము. మొదటి ప్రింటును మాత్రము మామ్మగారు తిరిగి ఇవ్వలేదు. అది ఆమె మంచము ప్రక్కన ఉన్నది.