కోడిపందెం కాదు, మాట తప్పడమే యుద్ధం తెచ్చింది!

రాష్ట్రం విడిపోతే మళ్లీ పల్నాటి యుద్ధమేనని భయపెట్టిన పెద్దలు ఆ కథ పూర్తిగా చదివారా?

12వ శతాబ్దిలో నలగామరాజుకు గురజాల, మలిదేవరాజుకు మాచర్ల. రాజ్యం రెండయింది. అందుకు యుద్ధం రాలేదు. కోడిపందెంలో ఓడిన మలిదేవాదులు ఏడేళ్లు వలసపోయారు. గడువు తీరింది. మా వాటా మాకివ్వమని రాయబారం వచ్చిన అలరాజును విషం పెట్టి చంపారు. అప్పుడు కదా కారెంపూడిలో నాగులేరు ఎర్రబడింది!

నిందంతా నాయకురాలు నాగమ్మ మీదే. మరి రాజ్యాన్ని కోడికాలికి కట్టిన బ్రహ్మనాయుడో? పందెం కాసింది మంత్రులు, తలలిచ్చింది బాలచంద్రుడి లాంటి కుర్రకారు.

1956లో జరిగిందేమిటి? ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం. నవంబర్‌లో గద్దెనెక్కగానే తెలంగాణకు రావలసిన ఉప ముఖ్యమంత్రి పదవికే ఎగనామం! ముల్కీ కొలువులు కొల్లగొట్టారు. 1969లో నెత్తురు ధారపోసింది మళ్లీ విద్యార్థులే.

2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయింది. ఏ యుద్ధం వచ్చింది? మార్టూరు రైతు మిర్చి టిక్కీలు గుంటూరు యార్డుకే పోతున్నాయి. హైదరాబాద్ బస్సు ఆగలేదు. సామాన్యుడికి సామాన్యుడితో ఏనాడూ తగాదా లేదు.

తగాదా మాట తప్పే నాయకత్వంతోనే. పదేళ్ల ఉమ్మడి రాజధాని గడువు 2024లో తీరేనాటికీ 9, 10 షెడ్యూళ్ల సంస్థల పంపకం తేలలేదు. గడువు తీరాక వాటా ఎగ్గొడితే ఏమవుతుందో కారెంపూడి వీరుల గుడి చెబుతుంది.

విద్యార్థులారా, ఉద్యోగులారా! విడిపోవడం పాపం కాదు. ఒప్పందం తప్పడమే పాపం. అది చేసింది మన నాయకుడైనా సరే, నిలదీద్దాం!