దుబాయి పోయిండంటె ఏ దేశం పోయినట్టు?

ఆర్మూర్ చుట్టుపక్కల ఏ ఊర్లె అడిగినా ఒక్కటే మాట, "మా పిలగాడు దుబాయి పోయిండు." పోయింది రియాద్‌కు కావచ్చు, మస్కట్‌కు కావచ్చు, దోహకు కావచ్చు. మనకన్నీ దుబాయే. అసలు దుబాయి దేశమే కాదు, ఏడు ఎమిరేట్లు కలిసిన దేశంల ఒక ఎమిరేటు. పేరుదేముంది అనుకుంటం. ఆపతొచ్చిననాడు తెలుస్తది. సౌదిల మనిషి సచ్చిపోతె రియాద్ ఎంబసీకో జెడ్డా కాన్సులేటుకో రాయాలె, ఒమన్‌ల అయితె మస్కట్‌కు. దేశమే తెల్వని తల్లి ఎవల కాళ్లు పట్టుకోవాలె?

అందుకే మన బడి పిల్లలకు ఒక అట్లాసు కావాలంటున్న. ఏ దేశపోళ్లు తమను ఏమని పిలుచుకుంటరో గదే పేరు, తెలుగు అక్షరాలల్ల. ఎమిరేట్స్ అంటే అల్ ఇమారాత్, ఒమన్ ఉమాన్, జర్మనీ డాయిచ్‌లాండ్, జపాన్ నిహోన్. ఈజిప్టు వాళ్లకు మిస్ర్. ఉర్దూ సదువుకున్న మన పెద్దలకు గిది కొత్త మాట కాదు, ఇంగ్లీషు బడికి వచ్చినంకనే అది ఈజిప్టయింది.

అయితె సొంత పేరంటె ఎవల సొంతం? 2022ల టర్కీ సర్కారు ఐక్యరాజ్యసమితికి చెప్పి తుర్కియే అనిపించుకుంది. 2018ల స్వాజిలాండ్‌ను ఎస్వాతిని అన్నది అక్కడి రాజు. 1989ల ఇంగ్లీషుల బర్మా పేరు తీసి మియన్మార్ అని పెట్టింది సైన్యం, జనాన్ని అడిగింది లేదు. స్విట్జర్లాండ్‌కైతె నాలుగు భాషలు, నాలుగు పేర్లు. మన రాజ్యాంగం మొదటి అధికరణంలనే ఇండియా, భారత్ రెండూ ఉన్నయ్. అయినా 2023ల జీ20 విందు పిలుపు మీద 'ప్రెసిడెంట్ ఆఫ్ భారత్' అని అచ్చయితె దేశమంత లొల్లి. అట్లాసుల రెండూ ఉండాలె. ఒకటి కొట్టేసుడు నాకు నచ్చదు. నిజామాబాద్‌ను ఇందూరు అనేటోళ్లున్నరు, ఆర్మూర్‌ను ఆరు, మూడు కలిపి నవనాథుల ఊరని చెప్పేటోళ్లున్నరు. పాత పేరు పక్కన రాసుడు వేరు, ఉన్న పేరు చెరిపేసుడు వేరు.

ఇగ పేజీ ఎట్లుండాలె? సొంత పేరు పెద్దక్షరాలల్ల, దాని కింద వాళ్ల లిపి, దాని కింద వీసా కాయితం మీదుండే ఇంగ్లీషు పేరు. అరబ్బీ అక్షరాలను బొమ్మలెక్క గుర్తుపట్టినా సాలు, క్యాంపుల బోర్డు సదువొస్తది. గల్ఫ్ పేజీ మాత్రం అన్నిటికంటె పెద్దగ రావాలె. రియాద్, అబుదాబి, మస్కట్, దోహ, కువైట్, మనామా, మన ఎంబసీ ఉన్న ప్రతి ఊరికి ఎర్ర సుక్క పెట్టాలె. అట్లాసు బడిల బీరువాల కాదు, పంచాయతీ గోడకు ఉండాలె.