పాత తుపాకీకి కొత్త మందు

మందంటే ఆ మందు కాదు లెండి, తుపాకీ మందు. అమెరికాలో వందేళ్ళు దాటిన పెద్ద రైఫిళ్ళని ఇప్పటికీ కాల్చేవాళ్ళు, వాటి తూటాలు ఇంట్లో తామే నింపుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు. (మన దగ్గర 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచెయ్యడం నేరం.) వాళ్ళ మధ్య తెగని వాదన ఒకటుంది. నల్లమందు కోసం చేసిన రైఫిల్లో పొగరాని మందు వాడితే గురి కుదురుతుందా?

నా మటుకు నాకు, కుదురుతుంది. కాకపోతే ఆ రైఫిల్ పుట్టినప్పటి వేగం దగ్గరే ఆగాలి.

45-70 తూటా సంగతే చూడండి. 1873లో అమెరికా సైన్యం తీసుకుంది. స్పెసిఫికేషన్ పేరులోనే ఉంది: 0.45 అంగుళాల గుండు, 70 గ్రెయిన్ల (సుమారు నాలుగున్నర గ్రాముల) నల్లమందు. 405 గ్రెయిన్ల సీసం గుండు సెకనుకి సుమారు 1,350 అడుగుల వేగంతో వెళ్ళేది. ఆనాటి ట్రాప్‌డోర్ స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనూ, ఎంతో గట్టిదైన రూగర్ నంబర్ వన్‌లోనూ ఇదే తూటా పడుతుంది. మన భాషలో చెప్పాలంటే ఇంటర్‌ఫేస్ ఒకటే, లోపల తట్టుకునే లోడ్ వేరు. కంపైల్ ఎర్రర్ రాదు, రన్‌టైములో మొహం మీదే పేలుతుంది. అందుకే లోడింగ్ పుస్తకాల్లో ఈ ఒక్క తూటాకి మూడు పట్టికలుంటాయి: ట్రాప్‌డోర్లకి, లీవర్ రైఫిళ్ళకి, కొత్త సింగిల్ షాట్లకి.

"కొత్త మందు కదా, కాస్త వేగం పెంచితే తప్పేంటి" అనేవాళ్ళు బ్రిటిష్ డబుల్ రైఫిళ్ళని గమనించాలి. రెండు గొట్టాల గుళ్ళూ ఒకేచోట తగిలేలా తయారీదారు ఒక నిర్దిష్టమైన లోడ్‌తో కాల్చి చూసి, గొట్టాలని సర్ది అతికించేవాడు. వేగం తగ్గితే గుళ్ళు విడిపోతాయి, పెరిగితే ఒకదాన్నొకటి దాటిపోతాయి. అంటే తన పాత వేగమెంతో రైఫిలే చెప్తుందన్నమాట. ఇంతకన్నా మంచి టెస్ట్ కేసు ఎక్కడ దొరుకుతుంది?

అలాగని వేగం ఒక్కటీ చూసి మురిసిపోకూడదు. అదే వేగం ఇచ్చినా, త్వరగా మండే మందుతో ఒత్తిడి ఎక్కువ రావచ్చు. పైగా పొగరాని మందు కొంచెమే పడుతుంది, తూటా సగం ఖాళీ. మందు ముందుకి జారిందా వెనక్కి జారిందా అన్నదాన్ని బట్టి వేగం మారిపోతుంది, గుళ్ళు కిందా మీదా పడతాయి. పొరపాటున రెండుసార్లు పోసినా కంటికి కనపడదు. కాబట్టి ఎక్కువ చోటు నింపే మందు ఎంచుకోవాలి, పరీక్షించి అచ్చేసిన పట్టికే నమ్మాలి. నల్లమందులా గిన్నె కొలతతో పోస్తే రైఫిలూ పోతుంది, చెయ్యీ పోతుంది.

ఇంకొకటి, గొట్టం కొలత. నల్లమందు ఒక్క తోపుతో మెత్తటి సీసాన్ని ఉబ్బించి గాడుల్ని నింపేది. ఈ తక్కువ లోడ్లలో పొగరాని మందు అంతగా ఉబ్బించదు. పాత గొట్టాలు లెక్క ప్రకారం ఉండాల్సినదానికన్నా వెడల్పుగా ఉండటం మామూలే. మెత్తటి సీసం ముక్కని గొట్టంలోంచి తోసి, కొలిచి, దానికి తగ్గ గుండు పోసుకోవాలి. ఇది చెయ్యకుండా మందుని తిట్టేవాళ్ళే ఎక్కువ.

అంత గొడవెందుకు, నల్లమందే వాడొచ్చుగా అంటారా? భేషుగ్గా వాడొచ్చు. కాకపోతే దాని మసి తేమ పీల్చి తుప్పు పట్టిస్తుంది, కాల్చిన రోజే కడుక్కోవాలి. ఆ చాకిరీ తప్పించుకోవడానికి కొత్త మందు వాడండి, అభ్యంతరం లేదు. దాంతోపాటు వేగం కూడా కావాలంటే మాత్రం కొత్త రైఫిల్ కొనుక్కోండి.