ఆట బల్ల దగ్గర ఎవరికి చోటు?



తిరుత్తణి దగ్గర ఒక చిన్న తెలుగు సంఘంలో నెలకోసారి ఆదివారం సాయంత్రం యౌవనస్థుల కూడిక జరుగుతుంది. పాటలు, వాక్యం అయ్యాక గంటసేపు ఆటలు. ఈ మధ్య మేము వెళ్లిన రోజున ఒక తమ్ముడు మెత్తటి గుడ్డలో చుట్టిన చెక్కపెట్టె ఒకటి తెచ్చాడు. అతనికి చెన్నైలో ఉద్యోగం. రోజూ లోకల్ రైల్లో వెళ్లి వస్తాడు. పెట్టె తెరిస్తే లోపల రోజ్‌వుడ్ చదరంగం పావులు, పక్కన వెల్వెట్ గుంటల్లో ఏడు ఇత్తడి పాచికలు. నిజంగానే చూడముచ్చటగా ఉన్నాయి.

పిల్లలు మూగారు. ఒక చిన్నవాడు గుర్రాన్ని తీయబోతే, "ముట్టుకోవద్దురా, చెమట మరక పడుతుంది" అన్నాడు తమ్ముడు. కోపంగా అనలేదు, భయంగా అన్నాడు. పిల్లలు మెల్లగా వెనక్కి జరిగి, మూల ఉన్న పాత క్యారమ్ బోర్డు దగ్గరికి పోయారు. మరమగ్గం పనిచేసే ఇంటి నుంచి వచ్చే ఒక అక్క అడిగింది, "ఎంతయ్యా ఇది?" అని. "అంతా కలిపి 24,000 అక్కా, ఈఎంఐలో తీసుకున్నా" అన్నాడు. ఆమె వెక్కిరించలేదు. "మా ఇంట్లో రెండు నెలలు మగ్గం ఆడితే వచ్చేదంత" అని మాత్రం అంది.

ఆ రాత్రి చర్చ ఆట మీద కాదు, ధర మీద జరిగింది. ఇంత పెట్టి కొనడం తగునా? కొందరు పాపం అన్నారు. కొందరు "వాడి సంపాదన వాడిష్టం" అన్నారు. రెండు మాటలూ తొందరపాటు మాటలే అని మాకు అనిపించింది. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ఈ వస్తువుల సంగతి తెలియనివారికి ముందుగా కొంచెం చెప్పాలి. బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆటలు మళ్లీ ప్రపంచమంతా ఊపందుకున్నాయి. 1974లో అమెరికాలో వచ్చిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే కథల ఆటకు నాలుగు ముఖాల పాచిక మొదలు ఇరవై ముఖాల పాచిక వరకు కావాలి. ప్లాస్టిక్‌వి చవకగానే దొరుకుతాయి. కానీ ఇప్పుడు వాటినే లోహంతో, రంగు రాళ్లతో చేస్తున్నారు. పాచికలు వేయడానికి చెక్క పళ్లాలు, పెట్టుకోవడానికి తోలు డబ్బాలు, ఆడటానికి ప్రత్యేకమైన బల్లలు వచ్చాయి. సేకరించే కార్డుల సంగతి ఇంకా విడ్డూరం. మ్యాజిక్ ద గ్యాదరింగ్ అనే ఆటలో ప్రపంచం మొత్తానికి ఒకే ఒక్కటిగా అచ్చువేసిన కార్డును 2023లో ఒక అమెరికన్ గాయకుడు 20 లక్షల డాలర్లకు కొన్నాడని వార్తలొచ్చాయి. అది ఒక కాగితపు ముక్క.

మన ప్రాంతంలో ఈ గాలి ఎక్కువగా చదరంగం వైపు నుంచి వీచింది. 2022లో మామల్లపురంలో 44వ చెస్ ఒలింపియాడ్ జరిగింది. 2024 డిసెంబరులో సింగపూర్‌లో గుకేశ్ 18 ఏళ్లకే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. చెన్నైలో పెరిగిన తెలుగింటి కుర్రవాడు కాబట్టి తిరువళ్లూరు జిల్లాలోని మన ఇళ్లలో పండుగ చేసుకున్నాం. ఆ సంతోషంతోనే కొంతమంది తండ్రులు పిల్లలకు ఖరీదైన చదరంగం పెట్టెలు కొనడం మొదలుపెట్టారు.

కానీ పోటీ నియమాలు ఏమంటున్నాయో చూడండి. అంతర్జాతీయ చెస్ సమాఖ్య రాజు ఎత్తు 9.5 సెంటీమీటర్లు ఉంటే మంచిదంటుంది. పావు చెక్కదైనా ప్లాస్టిక్‌దైనా ఫర్వాలేదంటుంది. చుట్టచుట్టి సంచిలో పెట్టుకునే రెక్సిన్ బోర్డు మీద, కొన్ని వందల రూపాయల ప్లాస్టిక్ పావులతోనే మన పిల్లలు శిక్షణ పొందుతున్నారు. రోజ్‌వుడ్ గుర్రమైనా ప్లాస్టిక్ గుర్రమైనా రెండున్నర గడులే దూకుతుంది. క్యారమ్‌లోనూ అంతే. 2024లో అమెరికాలో జరిగిన ప్రపంచ క్యారమ్ పోటీల్లో మూడు స్వర్ణాలు గెలిచిన కాజిమా ఉత్తర చెన్నైలోని ఒక ఆటో డ్రైవర్ కూతురు. ఆట రావడానికి కావలసింది ఒక బోర్డు, నేర్పే ఒక మనిషి, ఆడేందుకు కాస్త తీరిక.

అలాగని ఆటనే తప్పుపట్టేవారితో మేము ఏకీభవించం. మన సంఘాల్లో పెద్దలు కొందరు పాచిక అన్న మాట వింటేనే ముఖం చిట్లిస్తారు. సిలువ కింద సైనికులు ప్రభువు అంగీ కోసం చీట్లు వేసిన సంగతి వారి మనసులో ఉంటుంది. అది నిజమే. కానీ జెకర్యా ప్రవక్త దేవుడు బాగుచేయబోయే యెరూషలేమును వర్ణిస్తూ, ఆ వీధులు ఆడుకునే మగపిల్లలతో, ఆడపిల్లలతో నిండి ఉంటాయన్నాడు. పిల్లలు నిర్భయంగా ఆడుకునే ఊరే దేవుడు కోరిన ఊరు. ఇటుక బట్టీల పక్కన గుడిసెల్లో పెరిగే పిల్లలకు ఆట తెలియకపోవడం మన జిల్లాలో కళ్ల ముందు కనిపించే అన్యాయం. కనుక ఆట విలాసం కాదు, పిల్లల హక్కు.

మన అమ్మమ్మలు ఆ హక్కును ఖర్చు లేకుండానే మనకిచ్చారు. వామనగుంటలకు నేల మీద గుంటలు తవ్వితే చాలు, లేదా ఇంట్లో పాత చెక్క పీట ఉంటే చాలు. చింతపిక్కలే కాయలు. పక్కింటి తమిళ అవ్వ దాన్నే పల్లాంగుళి అంటుంది. పులి-మేక ఆటకు బండ మీద బొగ్గుతో గీస్తే సరి. చింతపిక్కలను ఒకవైపు అరగదీస్తే అవే పాచికలు. ఈ మధ్య ఇవే ఆటలు నగిషీ చెక్కతో, ఇత్తడితో తయారై నగరాల్లో బహుమతుల దుకాణాలకు చేరాయి. పాత ఆట బతకడం మంచిదే. అయితే దాన్ని అద్దాల బీరువాలో పెట్టేసి బతికించామనుకుంటే అది ఆట కాదు, అలంకారం.

ఇక్కడ ఎవరైనా ఒక గట్టి ప్రశ్న అడగవచ్చు. బేతనియలో మరియ ప్రభువు పాదాలకు అత్తరు పూసినప్పుడు, దాన్ని 300 దేనారాలకు అమ్మి బీదలకు ఇవ్వొచ్చు కదా అన్నవాడు యూదా. కూలివాడికి రోజుకు ఒక దేనారం లెక్కన అది దాదాపు ఏడాది కూలి. అయినా ప్రభువు మరియ పక్షానే మాట్లాడాడు. మరి ఖరీదైన వస్తువు కనబడగానే బీదల పేరెత్తే మనం ఎవరి పక్షాన ఉన్నట్టు?

ఈ ప్రశ్నను మేము తప్పించుకోం. ప్రేమతో ఖర్చుపెట్టడం తప్పు కాదు. కానీ మరియ ఆ అత్తరును బీరువాలో దాచలేదు. పోసేసింది. ఇల్లంతా ఆ వాసనతో నిండిందని యోహాను రాశాడు. ఆ ఇంట్లో ఉన్న ప్రతివాడూ దాన్ని పీల్చుకున్నాడు. మన తమ్ముడి పెట్టె తెరిచినప్పుడు మాత్రం పిల్లలు వెనక్కి జరిగారు. తేడా ధరలో లేదు, అక్కడ ఉంది.

ఇక చేసినవారి సంగతి. ఖరీదైన ఆట వస్తువులు తెలుగువారికి కొత్త కాదు. 18, 19 శతాబ్దాల్లో విశాఖపట్నం పనివారు ఏనుగు దంతం, కొమ్ము, గంధపు చెక్కతో మడత చదరంగం బల్లలు చేసేవారు. మూస్తే పెట్టె, తెరిస్తే ఆట. ఈస్టిండియా కంపెనీ దొరలు ఇష్టంగా కొని ఇంగ్లండు తీసుకెళ్లారు. ఇవాళ ఆ విశాఖ పెట్టెలు విదేశీ మ్యూజియాల్లో ఉన్నాయి, వేలంపాటల్లో పెద్ద ధర పలుకుతున్నాయి. కొన్న దొరల పేర్లు చాలావాటికి తెలుసు. చెక్కిన కంసాలి పేరు మాత్రం చాలావాటి మీద లేదు. చనిపోయిన ఏనుగుల లెక్క ఎక్కడా లేదు.

ఇప్పటి సంగతి మరింత దగ్గరిది. మన తిరుత్తణికి ఉత్తరాన తిరుపతి దాటితే శేషాచలం అడవులు. ఎర్రచందనం ప్రపంచంలో సహజంగా పెరిగేది ఆ చుట్టుపక్కల కొండల్లోనే. 2015 ఏప్రిల్ 7న ఆ అడవుల్లో 20 మంది పోలీసు కాల్పుల్లో చనిపోయారు. వారు తమిళనాడు నుంచి వెళ్లినవారు, చాలామంది కొండ గ్రామాల పేద కూలీలు. పోలీసులు ఎదురుకాల్పులన్నారు, హక్కుల సంఘాలు ఒప్పుకోలేదు. ఆ చెక్క చదరంగం పావులకే పోతోందని మేము అనడం లేదు. ఎక్కువగా విదేశాల్లో విలాస ఫర్నిచర్‌కు పోతుంది. కానీ అపురూపమైన చెక్క అని మురిసిపోయే ప్రతిసారీ, అది ఏ అడవి నుంచి, ఎవరి భుజాల మీద వచ్చిందో అడగాల్సిన బాధ్యత మనకుంది. కోత కోసిన పనివారికి ఎగ్గొట్టిన కూలి మొరపెడుతోందని యాకోబు తన పత్రికలో ధనవంతులను హెచ్చరించాడు గదా.

ఇందులో ఇంకో వైపు కూడా చూడాలి. చేతిపని వస్తువుకు న్యాయమైన ధర ఎక్కువే ఉంటుంది. అమృత్‌సర్‌లో చేత్తో చదరంగం పావులు చెక్కే కుటుంబాలున్నాయి. అన్నింటికంటే కష్టం గుర్రం తల చెక్కడం. అలాంటి పనికి పూర్తి కూలి ఇచ్చి కొంటే ఆ డబ్బు వృథా అని మేము అనలేం. పొదటూర్‌పేట, అమ్మయార్‌కుప్పం, పళ్లిపట్టు మగ్గాల మధ్య బతికే మనకు చవక ధర వెనుక ఎవరి కడుపు కాలుతుందో తెలియనిది కాదు. అభ్యంతరం ఎక్కడంటే, పనివాడికి వెళ్లని డబ్బు దగ్గర. పెట్టె మీద "500లో ఒకటి" అని నంబరు వేస్తే ధర పెరుగుతుంది. ఆ పెరిగినదాంట్లో చెక్కినవాడికి ఎంత వెళ్తుంది? నంబరు వేయడానికి అదనపు శ్రమేమీ పట్టదు. కావాలని తక్కువ చేసి, అందనివాళ్లున్నారు గనుక దీనికి విలువ అని చెప్పి అమ్మడం అది. లోపల ఏముందో తెలియకుండా కొనే కార్డుల పొట్లాలైతే మరీ దారుణం. అరుదైన కార్డు వస్తుందేమోనని పొట్లం మీద పొట్లం చింపే పిల్లవాడు ఆడుతున్నది ఆట కాదు, జూదానికి మొదటి మెట్టు.

మన ఊళ్లలో ఆట బల్లకు ఇంకో బరువు ఉంది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ఆంధ్ర నుంచి మద్రాసు రాష్ట్రానికి మారింది. సరిహద్దు జరిగింది, మన ప్రార్థన భాష జరగలేదు. కానీ నేటి పిల్లలు బడిలో తమిళం, ఇంట్లో తెలుగు. తెలుగు బైబిలు చదవలేని వారే ఎక్కువ. పాటలో, వాక్యంలో వెనుకబడే పిల్లవాడు క్యారమ్ దగ్గర వెనుకబడడు. కాలనీ పిల్లలు, ఊరి పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చునే చోట్లు మనకు ఎన్ని ఉన్నాయి? కొరింథు సంఘంలో ఉన్నవాళ్లు ముందే తినేసి లేనివాళ్లను సిగ్గుపరిచారని పౌలు మందలించాడు. అది ప్రభువు బల్ల దగ్గరి మాట. మన హాల్లోని ఆట బల్లకు కూడా అది వర్తిస్తుందని మేము నమ్ముతున్నాం.

కాబట్టి మా అభిప్రాయం ఇది. అప్పు చేసి కొనాల్సి వస్తే, అది ఎంత అందమైనదైనా ఆ ధరకు తగదు. ఎవరూ ముట్టుకోకూడనిదైతే తగదు. చేసినవారికి ఏం దక్కిందో అమ్మేవాడు చెప్పలేకపోతే తగదు. ఈ మూడూ దాటి, నీ సొంత కష్టంతో కొని, పదిమంది చేతుల్లో పెట్టగలిగితే సంతోషంగా కొనుక్కో తమ్ముడూ. దాని మీద తీర్పు తీర్చడానికి మేమెవరం?

సంఘాలకు కూడా ఒక మనవి. 2025 సెప్టెంబరు 22 నుంచి చదరంగం, క్యారమ్ వంటి బోర్డు ఆటల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. వీబీఎస్ వేదిక అలంకరణకు పెట్టే ఖర్చులో కొంత తీసి నాలుగు చదరంగం బోర్డులు, ఒక మంచి క్యారమ్ బోర్డు కొనండి. హాలు తాళం వారానికి ఒక సాయంత్రమైనా తీయండి. సంఘానికి రాని పిల్లలనూ రానివ్వండి.

ఆ తమ్ముడి సంగతి చెప్పి ముగిస్తాం. తర్వాతి నెల కూడికకు అతను మళ్లీ పెట్టె తెచ్చాడు. ఈసారి పావులను బోర్డు మీద పేర్చి, మొన్న చేయి చాచిన చిన్నవాణ్ణే పిలిచాడు. రెండో ఆటలో ఒక గుర్రం కింద పడి చెవి విరిగింది. హాలంతా నిశ్శబ్దమైపోయింది. తమ్ముడు ఆ ముక్కను చేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. అతనికి ఇంకా ఐదు నెలల ఈఎంఐ ఉంది. చివరికి ముక్కను జేబులో వేసుకుని, "నీ ఎత్తేరా, కానివ్వు" అన్నాడు. ఆ చిన్నవాడు చెవి లేని గుర్రాన్నే ముందుకు దూకించాడు.

పంచుకునే మనసును ప్రభువు మనందరికీ దయచేయును గాక.