వేతనము కోసినవారు చోటు వ్రాసి ఈయవలెను

2023 అక్టోబరులో ముంబయి నగరమున జరిగిన ప్రో కబడ్డీ వేలములో తెలుగు టైటాన్స్ జట్టువారు పవన్ సెహ్రావత్ అను రైడరును 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు పాడుకొనిరి. అంతవరకు ఆ లీగులో ఏ ఆటగానికిని అంత ధర పలికి యుండలేదు. మరుసటి సంవత్సరము అదే జట్టు అతనిని విడుదల చేసి, వేలమున నిలువనిచ్చి, ఇతరులు పలికిన ధరకు సరితూచి తన యొద్దకే మరల తెచ్చుకొనెను. ఈ పర్యాయము ధర 1 కోటి 72 లక్షల 50 వేలు. 2025 వేలములో అతడు టైటాన్స్ చొక్కా విడిచి, 59 లక్షల 50 వేలకు తమిళ్ తలైవాస్ జట్టునకు పోయెను. రెండు వత్సరములలో ఒక క్రీడాకారుని వెల నాలుగవ పాలునకు లోపుగా దిగజారినది. అప్పటికతని వయస్సు 28 ఏండ్లు.

ఇంచుమించు అరువది లక్షలు పుచ్చుకొనువానికై కన్నీరు కార్చుటకు ఈ సంపాదకీయమును వ్రాయుట లేదు. పత్తి ధర క్వింటాలునకు నూరు రూపాయలు తగ్గినచో గుండె గుభేలుమను రైతుల నడుమ వెలువడు పత్రికకు అట్టి దుఃఖము శోభింపదు. మేము విచారించుచున్నది ధరను గూర్చి కాదు, ఆ ధర తగ్గింపబడిన రీతిని గూర్చి. పవన్‌ను విడుదల చేసి తక్కువ ధరకు తిరిగి తెచ్చుకొన్న ఆ మధ్య సంవత్సరపు ఘట్టమును నిదానముగా పరిశీలింపుడు. వేలపు నిబంధనలలో ఫైనల్ బిడ్ మ్యాచ్ అను ఒక హక్కు కలదు. ఒక ఆటగాని పాత జట్టు, అతనికై ఇతరులు పాడిన తుది ధరను తానును చెల్లించెదనని చెప్పి, అతనిని తన యొద్దనే నిలుపుకొనవచ్చును. ఈ హక్కు జట్టుది, ఆటగానిది కాదు. నేను ఇచ్చటనే యుండెదనని గాని, ఇచ్చట నుండనని గాని, ఇంత తగ్గించుకొందును నా చోటు మాత్రము రెండేండ్లు కదలింపకుడని గాని అతడు పలుకుటకు ఆ బల్లచెంత అతనికి పీటయే లేదు. వేతనము కోయుటకు ముందు కోయబడువానిని ఒక మాట అడుగవలెనను కనీస మర్యాద సయితము ఈ యేర్పాటులో ఇమిడి లేదు.

తెలుగు ప్రేక్షకులు ఈ కథను ఇదివరకే ఒకమారు చూచియున్నారు. 2014లో లీగు ఆరంభమైనది మొదలు ఆరు సీజన్లు టైటాన్స్ జట్టునకు ముఖమై నిలిచినవాడు రాహుల్ చౌదరి. ఉత్తర ప్రదేశపు బిజనోరు నుండి వచ్చిన ఆ యువకుని పేరును మన పల్లెటూళ్ల పిల్లలు తమ యింటిపేరు వలె ఉచ్చరించుచుండిరి. 2018లో ఇదే హక్కును వినియోగించి టైటాన్స్ వారు అతనిని 1 కోటి 29 లక్షలకు నిలుపుకొనిరి. ఆ మీదట 2019లో తమిళ్ తలైవాస్ 94 లక్షలు, 2021లో పుణేరి పల్టన్ 40 లక్షలు, 2022లో జైపూర్ పింక్ పాంథర్స్ 10 లక్షలు. నాలుగేండ్లలో మూడు ఊళ్లు మారి, పదుమూడవ వంతు ధరకు దిగి, అట్లు దిగిన సంవత్సరముననే ఆ జట్టు కప్పు గెలుచుటను అతడు కనులార చూచెను.

పర్దీప్ నర్వాల్ గతి ఇంతకంటెను కఠినము. పట్నా పైరేట్స్ వరుసగా మూడు సీజన్లు విజేతయై నిలిచినప్పుడు దాని వెన్నెముక యతడు. ఒక్క అయిదవ సీజనులోనే 369 రెయిడ్ పాయింట్లు. లీగు చరిత్రలో 1800 రెయిడ్ పాయింట్లను దాటిన తొలి ఆటగాడు. 2021లో 1 కోటి 65 లక్షలు పలికినవాడు 2024లో 70 లక్షలకు వచ్చెను. 2025లో అతని పేరు చదువబడినప్పుడు ఒక్క జట్టును చేయి ఎత్తలేదు. ఆట విరమించుచున్నానని అతడు వెంటనే ప్రకటించెను. అతనికిని 28 ఏండ్లే. మన ప్రాంతమున ఆ యీడువాడు డిగ్రీ ముగించుకొని, పోటీ పరీక్షలకు కోచింగు తీసికొనుచు, ఉద్యోగమింకను ఆరంభింపనివాడై యుండును.

శక్తి తగ్గినవానికి పాత ధరయెట్లు చెల్లునని యజమానులు అడుగుదురు. అడుగుటలో న్యాయమున్నది. వేలమున ఒక్కొక్క జట్టునకు ఖర్చు పరిమితి 5 కోట్లు. అందులో సగమునకు మించి ఒక్కని పాలు చేసిన టైటాన్స్ జట్టు ఆ సీజనులో ఆడిన 22 ఆటలలో గెలిచినవి రెండే. అట్టి అనుభవము తరువాత చేయి ముడుచుకొనుట దోషమని మేమనము. కాని శక్తి ఎందులకు తగ్గెను, ఎవరి పనిలో తగ్గెను అను ప్రశ్నను దాటవేయుట మాత్రము దోషమే.

కబడ్డీ తెరమీద చూచువారికి రెయిడు ముప్పది సెకనుల వేడుక. బరిలోనికి దిగి చూచినవారికి తెలియును అది యెట్టిదో. కూత విడువక మధ్యగీత దాటినవాడు ఏడుగురి నడుమ ఒంటరి. బోనసు గీత దాటి కాలు మోపుటకు ఎడమపాదమును చాచి, వెనుకకాలి బొటనవ్రేలిపై దేహభారమునంతయు నిలిపిన క్షణముననే మూల నుండి ఒకడు పాము వలె జారివచ్చి చీలమండను ఒడిసి పట్టును. రెండవవాడు తొడపై పడును. మూడవవాడు నడుమును విరుచుచు వెనుకకు లాగును. పాదము నేలకు కరచుకొని యుండగా దేహము మాత్రము తిరిగిపోవును. ఆ తిరుగుడు చేరునది మోకాలికే. ఆ మోకాలితోనే మరుక్షణము లేచి, రెండు రెయిడ్లు వట్టిపోయినచో మూడవదానికి చావోబ్రతుకో యని మరల పోవలెను. 2022లో 2 కోట్ల 26 లక్షలకు పైబడి ధర పలికిన ఈ పవనే తొలి ఆటలోనే మోకాలు చెడి ఆ సీజనంతయు బయట కూర్చుండెను. పట్టువాడు పది సీజన్లు ఆడవచ్చును; కూతకు పోవువాని దేహము త్వరగా అరుగును. జట్టునకు పాయింట్లు తెచ్చు పనియే అతనిని తరుగదీయుచున్నది. పనిలో అరిగిన దేహమునకు పని చేయించుకొన్నవాడు బాధ్యుడు కాడా?

ఈ ప్రశ్న సముద్రమునకు ఆవల మఱింత స్పష్టముగా వినబడినది. అమెరికాలో ఫుట్‌బాల్ అనునది మనమెరిగిన కాలిబంతి కాదు. అండాకృతి బంతిని కడుపునకు హత్తుకొని ఎదుటి వరుసను చీల్చుకొని పరుగిడు రన్నింగ్ బ్యాక్ అందులో మన రైడరు వంటి ప్రాణి. గ్రీన్ బే ప్యాకర్స్ జట్టులో ఆరన్ జోన్స్ అనువాడు 2023లో జట్టు కోరిక మేరకు తన వేతనమున 50 లక్షల డాలర్లు తగ్గించుకొనెను. ఆ సీజను చివర వరుసగా అయిదు ఆటలలో నూరు గజములకు పైగా పరుగుదీసి జట్టును పోటీలో ముందునకు నడిపెను. అయినను 2024 మార్చిలో జట్టువారు మఱియొక కోత కోరిరి, అతడొప్పుకొనలేదు, అతనిని విడుదల చేసిరి. అతడు పొరుగు జట్టైన మిన్నెసోటా వైకింగ్స్‌లో చేరెను. తొలి కోతకు ప్రతిఫలముగా అతనికి చోటు దక్కినదా? ఒక్క ఏడాది దక్కినది. అదియు వ్రాతలో హామీగా గాక, యజమాని దయగా దక్కినది. సిన్సినాటి జట్టున జో మిక్సన్ సయితము 2023 వేసవిలో కోతకు తలయొగ్గి, మరుసటి మార్చికెల్ల హ్యూస్టన్‌కు పంపబడెను. కనుక, సీనియరు ఆటగాడు కొంత తగ్గించుకొన్నచో జట్టులో నిలకడగా ఉండవచ్చునను వాదము వినుటకు ఇంపుగా నుండును గాని, అనుభవము దానిని సమర్థించుట లేదు.

అచటి లీగు మనకు నేర్పదగినది మఱియొకటి కలదు. ఆటగాండ్ర సంఘము యజమానులతో కుదుర్చుకొన్న ఒప్పందము మేరకు అచట కనీస వేతనము అందరికి ఒక్కటి కాదు; ఆడిన సీజన్లు పెరిగినకొలది అది పెరుగును. అట్లు పెరిగినందున యజమానులు పాతవారిని వదలించుకొని చవకగా దొరకు క్రొత్తవారిని తెచ్చుకొందురేమోయని శంకించి, కనీస వేతనముపై ఆడు సీనియరు విషయమున ఆ పెరిగిన భాగమును జట్టు ఖర్చు పరిమితి లెక్కలో చూపనక్కరలేని నియమమును గూడ వారు చేర్చుకొనిరి. యజమానికి నష్టము లేదు, ముదురు ఆటగానికి పోటు లేదు. ఇట్టి యుపాయమునకు కోట్లు అక్కరలేదు; ఆలోచన యుండిన చాలును.

మన పూర్వులకు ఆ యాలోచన వేరొక రూపమున నుండెను. 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు రోవర్స్ కప్పును గెలిచిన హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టును తలచుకొనుడు. ఎస్.ఏ. రహీం సాహెబు తీర్చిదిద్దిన ఆ జట్టు ఆటగాండ్రు పోలీసు కొలువున నుండిరి. ఆట వలన వారికి ధనరాసులు ఒరుగలేదు. కాని కాలు సడలిన నాడు కొలువు సడలలేదు. నేడు అదే నగరమున 2022లో ఐఎస్‌ఎల్ కప్పు నెత్తిన హైదరాబాద్ ఎఫ్‌సీ, రెండేండ్లు తిరుగక మునుపే ఆటగాండ్రకు జీతములు బాకీపడి, పేరుమోసినవారందరు చెదరిపోగా, తుదకు 2025లో ఊరును పేరును మార్చుకొని ఢిల్లీకి తరలిపోయెను. పాత పద్ధతియే మేలని మేము వాదించుట లేదు, కొలువుతో ముడిపడిన ఆటకు దాని జాడ్యములు దానికుండెను. కాని లీగులు ధరను పెంచి భద్రతను తీసివేసినవనుట నిర్వివాదము.

దూరపు మాటలు మాని మన గడప యెదుటి సంగతి చూతము. భూపాలపల్లిలో సింగరేణి కేటీకే గనులలో బాయిపని చేయు కార్మికుడు సయితము దేహమును అరగదీసికొనువాడే. ల్యాంపు రూములో దీపము తీసికొని, మస్టరు పడి, దిగుడు దారిన లోనికి పోయి, షిఫ్టు ముగిసి వెలుపలికి వచ్చువేళకు దుమ్ములో అతని ముఖము పోలిక పట్టదు. మోకాళ్లు, నడుము, ఊపిరి చెడినప్పుడు కొత్తగూడెము మెడికల్ బోర్డు అతనిని అన్‌ఫిట్ అని తేల్చినచో, కారుణ్య నియామకపు పద్ధతిలో అతని వారసునకు కొలువు దొరకును. వారసత్వ ఉద్యోగములను న్యాయస్థానము కొట్టివేసిన పిదప కార్మికులు పోరి సాధించుకొన్నది ఈ మార్గము. దీనియందు లోపములు లేకపోలేదు, బోర్డు చుట్టు దళారులు తిరుగుచుందురను ఫిర్యాదు మేమును వినియుంటిమి. అయినను పనిలో అరిగినవానిపట్ల పని ఇచ్చినవారికి ఒక ఋణము కలదని ఈ పద్ధతి అంగీకరించుచున్నది. తెరవెలుగులలో కోట్ల మాట లాడు లీగు ఆపాటి అంగీకారమునకును సిద్ధముగా లేదు.

మన తెలంగాణమున దొరల కాలపు జీతగాని స్థితిని ఎరిగినవారు ఇంకను కొందరు మిగిలియున్నారు. ఉగాదికి కుదిరిన జీతగానికి ఏడాది పొడుగున కూలి తక్కువ, తిట్లు ఎక్కువ. అయినను నడిమి కారున జ్వరము వచ్చినదని వానిని గెంటివేసి వేరొకనిని తెచ్చుకొనుటకు దొర సయితము ఊరి మాటకు వెరచుచుండెను. 1946లో కడవెండి నేలపై దొడ్డి కొమురయ్య ప్రాణములొడ్డినది అట్టి దొరతనము పైననే. వెట్టిని ధిక్కరించిన జనగామ సీమ బిడ్డలు నేడు కబడ్డీ మ్యాట్ పైకి వెళ్లవలెనని ఉబలాటపడుచున్నారు. సంక్రాంతికి, శివరాత్రికి మన మండలములలో జరుగు పోటీలలో మట్టిబరిపై మోచేతులు చెక్కుకొనిపోవునట్లు ఆడు ఆ బాలురకు మేము చెప్పవలసిన మాట, వెళ్లకుడని కాదు. ఎన్ని లక్షలని అడుగుటకు ముందు, ఎన్నేండ్లు, దెబ్బ తగిలినచో ఎవరు చూతురని అడుగుడని.

మా పక్షము విస్పష్టము. సీనియరు ఆటగాని వేతనము తగ్గింపదలచు ఏ జట్టయినను, ఆ తగ్గింపునకు ప్రతిగా నిర్ణీత కాలపు చోటును వ్రాతపూర్వకముగా ఈయవలెను. ఈయనొల్లనిచో తగ్గింపు కోరరాదు, అతనిని స్వేచ్ఛగా వేరొక జట్టుతో మాటలాడుకొననీయవలెను. ఫైనల్ బిడ్ మ్యాచ్ హక్కు ఆటగాని సమ్మతి లేనిదే చెల్లరాదు. అయిదారు సీజన్లు ఆడినవానికి కనీస ధర అధికముగా నుండి, ఆ యధికభాగము 5 కోట్ల పరిమితిలో లెక్కింపబడకుండవలెను. ఆటలో కలిగిన గాయమునకు చికిత్స ఒప్పందము ముగిసిన పిదపను జట్టు ఖర్చుననే సాగవలెను. ఈ నిబంధనలు వ్రాయు నాడు ఆటగాండ్ర ప్రతినిధులు బల్లచెంత కూర్చుండవలెను. ఇవి లీగు నడుపు మశాల్ స్పోర్ట్స్ సంస్థ తలచుకొన్నచో ఒక్క సీజనులో జరుగదగిన పనులు. ప్రసారము వలన వచ్చు రాబడి కలవారు డబ్బు లేదని చెప్పుట చెల్లదు.

రాష్ట్ర ప్రభుత్వము చేయవలసినదియు కలదు. ఉద్యోగములలో రెండు శాతము క్రీడాకోటా మనకున్నది. నిఖత్ జరీన్, సిరాజ్ వంటివారికి డీఎస్పీ పదవులు, మన పొరుగునున్న కల్లెడ బిడ్డ జీవాంజి దీప్తికి పారాలింపిక్ పతకము పిదప ధనమును ఉద్యోగమును ఇల్లుస్థలమును ప్రకటించుట శ్లాఘనీయమే. కాని పతకము మెడలో పడిన పిమ్మట ఇచ్చునది సత్కారము. మోకాలు చెడిన జిల్లాస్థాయి రైడరునకు వ్యాయామ శిక్షకుని కొలువో, సింగరేణి క్రీడామైదానములలో కోచి పనియో ఇచ్చుట విధానము. సత్కారములకు వార్తాపత్రికలలో ఛాయాచిత్రములు వచ్చును, విధానములకు రావు. బహుశః అందుచేతనే రెండవది వెనుకబడుచున్నది.

తెలుగు టైటాన్స్ యాజమాన్యమునకు మా ప్రత్యేక విన్నపమొకటి. లీగు నిబంధనలు మారు వరకు వేచియుండ నక్కరలేదు. వచ్చు వేలమునకు ముందు, తాము విడుదల చేయదలచిన ప్రతి సీనియరు ఆటగానిని పిలిచి, ఇంత తగ్గించుకొన్నచో ఇన్ని సీజన్లు నీ చోటు ఖాయమని ఒక కాగితముపై వ్రాసి, సంతకము చేసి, నిరాకరించుటకు అతనికి వారము దినముల గడువిచ్చినచో దానిని అడ్డుకొనువా రెవరును లేరు.